తిరుగు ప్రయాణం ఎవరి చేతిలో? రంగం నుంచి కువైట్ దాకా

(ముక్తేశ్వరంలో చేసిన స్మారకోపన్యాసానికి అచ్చు ప్రతి)



మాస్టారి పేరిట జరిగే ఈ సభలో ప్రాచీన సాహిత్యం మీద మాట్లాడితే నాకూ సులభంగా ఉండేది, మీకూ హాయిగా ఉండేది. ఆయన దగ్గర ఛందస్సు నేర్చుకున్నవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. కానీ బడి వదిలాక ఆయన అరుగు మీద సాగిన పని వేరు. గల్ఫు వెళ్ళినవారికి ఇంటివాళ్ళ తరఫున ఉత్తరాలు రాసేవారు, వచ్చినవి చదివి వినిపించేవారు, పాస్‌పోర్టు దరఖాస్తులు నింపేవారు. దరఖాస్తు నింపే ముందు, రావాలనిపించిన రోజున ఎలా తిరిగి రాగలవో చెప్పమని అడిగేవారు. జవాబు చెప్పగలిగినవారు తక్కువ. ఆ ప్రశ్ననే ఈ సాయంత్రం చరిత్ర ముందు పెట్టదలచుకున్నాను.

నా వాదన ఒక్కటే. పరదేశంలో యుద్ధమో అల్లరో మహమ్మారో వచ్చినప్పుడు మనవాళ్ళను కాపాడేది ప్రభుత్వం పంపే ఓడ, లేదా విమానం అనుకుంటాం. అది పంపినవారిని కీర్తిస్తాం, పంపనివారిని తిడతాం. నూరేళ్ళ తెలుగు వలస చరిత్ర చదివితే మరొక సంగతి తేలుతుంది. ఆపద రాకముందే ఆ మనిషి తిరుగు ప్రయాణం ఎవరి చేతికి చిక్కిందో దాన్నిబట్టే అతని గతి నిర్ణయమైపోయింది. కూలీలను తీసుకుపోయే మేస్త్రీ చేతిలో ఉంటే ఒక గతి, గల్ఫు యజమాని అయిన ఖఫీల్ చేతిలో ఉంటే ఒక గతి, తన చేతిలోనే ఉంటే మరో గతి. విమానం ఈ కథలో మధ్య దశ మాత్రమే.

మొదటి ఘట్టం ఈ రేవు నుంచే చూడవచ్చు. ఎదుట గౌతమి, ఆవల కోటిపల్లి. 1928లో కోటిపల్లికీ కాకినాడకూ మధ్య రైలు నడిచింది. కాకినాడలో ఓడ ఎక్కితే రంగం, అంటే రంగూన్. అంతకుముందు గౌతమి సముద్రాన్ని చేరేచోట కోరంగి పెద్ద రేవు. 1839 తుఫాను దాన్ని తుడిచిపెట్టినా ఆ పేరు మాత్రం సముద్రం దాటింది. శ్రీకాకుళం మనిషి అయినా గోదావరి మనిషి అయినా బర్మాలో తెలుగు కూలీని కోరంగి అనే పిలిచారు. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. అందులో తెలుగువారు సుమారు లక్షన్నర. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసినవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు, తెల్లవారకముందే నగరం పాకీపని చేసినవారు, వీరిలో తెలుగువారి పాలు చాలా ఎక్కువ.

వారిని తీసుకువెళ్ళినవాడు మేస్త్రీ. ఓడఖర్చు అతనే పెట్టేవాడు, ఇంటికి కొంత బయానా ఇచ్చేవాడు, ఆ అప్పును జీతంలో కోసుకునేవాడు. కంపెనీ జీతం మేస్త్రీకి ఇస్తుంది, మేస్త్రీ కూలీకి ఇస్తాడు. అప్పు తీరితే గానీ కూలీ ఓడ ఎక్కలేడు. కార్మిక పరిస్థితులపై 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ కూడా బర్మాలోని ఈ మేస్త్రీ పద్ధతిని పరిశీలించింది. ఊళ్ళో మనకు రంగం అంటే పట్టు చీరలూ, టేకు మందిరాలూ, రంగూన్ రౌడీ నాటకమూ గుర్తుకొచ్చేవి. ఆ వైభవం అడుగున ఈ లెక్కల పుస్తకం ఉండేది.

1930 మే నెలలో గాంధీజీ అరెస్టు తరువాతి రోజుల్లో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు వారి స్థానంలో బర్మీయులను పనికి పెట్టాయి. కొన్నాళ్ళకు రాజీ కుదిరింది. తెలుగువారిని తిరిగి తీసుకుని బర్మీయులను పొమ్మన్నారు. మే 26న మొదలైన అల్లరిలో వందమందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. చనిపోయినవారిలో అత్యధికులు తెలుగు కూలీలు. రెండు పేద జాతులను ఎదురెదురుగా నిలబెట్టిన కంపెనీల పేర్లు ఆ గొడవలో ఎవరి నోటా రాలేదు. ఇక్కడ నేను బర్మీయుల పట్ల న్యాయంగా మాట్లాడాలి. తమ రాజధానిలో తామే అల్పసంఖ్యాకులై, తమ పొలాలు వడ్డీవ్యాపారులైన చెట్టియార్ల తాకట్టులోకి పోతున్న ప్రజల కోపం గాలిలోంచి పుట్టలేదు. 1938లో అది మరోసారి రాజుకుంది. మూడేళ్ళకు బాంబులు పడ్డాయి.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు మీద పడ్డాయి, కూలీల పేటల మీద పడ్డాయి. వేలమంది కట్టుబట్టలతో ప్రోమ్ పట్టణం దారి పట్టారు. ఆ తరువాత జరిగినదానిని మనం శ్రద్ధగా గుర్తుంచుకోవాలి. నగరం నడవాలంటే రేవు కూలీ కావాలి, పాకీపనివాడు కావాలి. అందుకని పారిపోతున్నవారిని ప్రోమ్ దగ్గర ఆపి వెనక్కి తిప్పే ప్రయత్నం చేశారు. ఓడల్లో డెక్కు ప్రయాణికుల మీద ఆంక్షలు పెట్టారు. పై తరగతి టిక్కెట్టు కొనగలిగినవారు సముద్రం దాటిపోయారు. డెక్కు తప్ప గతిలేనివారికి కొండదారులు మిగిలాయి. 1942 మార్చి 8న రంగూన్ జపానువారి వశమైంది.

ఆ దారులు మూడు. తౌంగుప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి ఒకటి. తము, పాలేల్ మీదుగా ఇంఫాల్‌కూ, అక్కడినుంచి దిమాపూర్‌కూ రెండోది. ఉత్తరాన హుకాంగ్ లోయ గుండా లేడోకు మూడోది. కలరా, మలేరియా, ఆకలి, మే నెల దాటాక వాన, బురద. ఆ దారుల్లోనూ తెల్లవారికి ఒక బాట, నల్లవారికి ఒక బాట ఉన్నాయన్న ఆరోపణ ఢిల్లీ దాకా వెళ్ళింది. వైస్రాయి కౌన్సిలులో ప్రవాస భారతీయుల వ్యవహారాలు చూసిన ఎం.ఎస్. ఆణే, జాతీయ నాయకుడు పండిట్ హృదయనాథ్ కుంజ్రూ స్వయంగా అస్సాం సరిహద్దు దాకా వెళ్ళి చూశారు. దారిలో అన్నమూ మందూ అందించినవారిలో అస్సాం తేయాకు తోటల సంఘం ముందు నిలిచింది. 

నాలుగైదు లక్షలమంది అలా వచ్చారని అంచనా. ఎంతమంది రాలేదు? పది వేలంటారు, యాభై వేలంటారు, అంతకు మించి చెప్పినవారూ ఉన్నారు. అంచనాల మధ్య ఇంత తేడా ఎందుకొచ్చింది? బయలుదేరినవాడి పేరు ఎక్కడా రాసి లేదు. మేస్త్రీ పుస్తకంలో అప్పు రాసి ఉంది గానీ, ఆ పుస్తకం రంగూన్‌లోనే కాలిపోయింది. కాబట్టి ప్రాణం పోయినట్టు రుజువు లేదు. ఈ గోదావరి జిల్లాల్లో ఎందరు ఆడవాళ్ళు బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో తెలియక ఏళ్ళు గడిపి ఉంటారో ఊహించుకోండి. ఆ వేసవిలోనే, 1942 ఏప్రిల్ 6న, కాకినాడ మీదా విశాఖ మీదా బాంబులు పడ్డాయి. బయలుదేరిన రేవుకు కూడా భద్రత లేకపోయింది. కోటిపల్లి రైలు పట్టాలను సైతం ఆ యుద్ధకాలంలోనే పీకి తీసుకుపోయారు. మళ్ళీ ఆ దారిన రైలు నడిచింది 2004లో.

యుద్ధం అయ్యాక కొందరు తిరిగి బర్మా వెళ్ళారు. 1964లో నేవిన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసింది, పెద్ద నోట్లను రద్దు చేసింది. సుమారు మూడు లక్షలమంది భారతీయులు వచ్చేశారు. అప్పుడు మన ప్రభుత్వాలు 1942 కంటే మెరుగ్గా ప్రవర్తించాయి. ఓడలు పెట్టాయి, శిబిరాలు తెరిచాయి, స్థలాలు ఇచ్చాయి. విశాఖలోని బర్మా క్యాంపు ఆనాటి గుర్తే. బర్మా, శ్రీలంకల నుంచి వచ్చినవారి కోసం 1969లో ఒక సహకార బ్యాంకునే పెట్టారు. రెప్కో బ్యాంకు అన్న పేరుతో అది చెన్నై కేంద్రంగా ఈనాటికీ నడుస్తోంది. తిరిగివచ్చినవాడికి అన్నం పొట్లం చాలదు, అప్పు పుట్టే చోటు కావాలి అని గ్రహించిన ఆ బుద్ధి ఆ తరువాత మళ్ళీ ఎందుకు కనిపించలేదో నాకు అర్థం కాదు.

రెండో ఘట్టం గల్ఫు. రంగం మూసుకుపోయాక ఒక తరానికి కువైట్ తెరుచుకుంది. మొదట మగవాళ్ళు, తరువాత, ముఖ్యంగా ఇక్కడి నుంచీ కడప జిల్లా నుంచీ, ఆడవాళ్ళు. 1996 నవంబరు తుఫానులో కోనసీమ కొబ్బరి తోటలు నేలకొరిగిన సంగతి ఈ సభకు నేను చెప్పనక్కరలేదు. చెట్టు మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. చెట్టు మీద ఆధారపడిన కూలికుటుంబానికి అన్నేళ్ళ గడువు ఉండదు.

అంతకు ఆరేళ్ళ ముందు, 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. అప్పుడక్కడ సుమారు లక్షా డెబ్బైవేలమంది భారతీయులు. రాత్రికి రాత్రి దినారు చిత్తుకాగితమైంది. బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ ఎడారి దాటి అమ్మాన్ చేరినవారిని ఎయిరిండియా 59 రోజుల్లో 488 విమానాల్లో బొంబాయికి చేర్చింది. లక్షా పదకొండు వేలకు పైబడినవారు అలా వచ్చారు. ఇది గర్వించదగిన పనే. దీని మీద సినిమా కూడా వచ్చింది.

అయితే సినిమాకు ఎక్కని భాగం ఒకటుంది, నా దృష్టిలో అదే ముఖ్యం. మరుసటి ఏడు ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ ఏర్పడింది. ఇరాక్ చమురు ఆదాయంలో కొంత భాగాన్ని దానికి కేటాయించారు. యుద్ధం వల్ల కువైట్, ఇరాక్‌లను విడిచిపోవలసి వచ్చిన ప్రతి మనిషికీ, ఏ పని చేసినా, ఇరాక్ పౌరుడు కాక మరే దేశస్థుడైనా, నిర్ణీత మొత్తం ఇవ్వాలన్నారు. ఒక్కరికైతే 2,500 డాలర్లు, ఇంకే దావా వెయ్యనని ఒప్పుకుంటే 4,000. జీతం కాగితాలు అడగలేదు. ఆ కాలంలో అక్కడినుంచి బయటపడ్డట్టు ఆధారం చూపితే చాలు. ఈ తరగతి కింద ఎనిమిది లక్షలకు పైగా మనుషులకు, వివిధ దేశాల ప్రభుత్వాల ద్వారా, డబ్బు అందింది. కమిషన్ చివరి చెల్లింపు 2022లో జరిగింది. పోగొట్టుకున్నది దయగా కాక బాకీగా వలసకూలీకి తిరిగి ముట్టిన సందర్భాలు ప్రపంచ చరిత్రలో బహు తక్కువ. ఇదొకటి. అది సాధ్యమైంది ఎందుకు? బాధ్యుడెవరో తేల్చారు, కూలీ నెత్తిన పడే రుజువు భారాన్ని తేలిక చేశారు.

కోవిడ్ వచ్చిన 2020లో ఈ రెండూ జరగలేదు. ఏప్రిల్‌లో కువైట్ ఆమ్నెస్టీ ప్రకటించింది. అకామా (నివాస అనుమతి) తీరిపోయినవారు, యజమాని ఇల్లు వదిలి ఖల్లివెల్లి (కాగితాలు లేని కూలీలు) అయినవారు జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చన్నారు. వేలమంది పేర్లిచ్చి శిబిరాల్లో చేరారు. ఆకాశంలో విమానాలు లేవు. మే నెలలో విమానాలు మొదలయ్యాక విజయవాడ దగ్గరి గన్నవరం విమానాశ్రయంలో దిగినవారిలో చాలామందికి కొన్ని నెలల జీతం అక్కడే ఉండిపోయింది. దాన్ని అడగడానికి యజమాని లేడు, కాగితం లేదు, కోర్టు లేదు. ఆ ఏడాది జూన్‌లో ఆసియా దేశాల వలస సంఘాలు ఎగ్గొట్టిన జీతాల కోసం ఉద్యమం మొదలుపెట్టాయి. 1991లో దొరికిన బాధ్యుడు ఈసారి దొరకలేదు.

ఇక్కడ ఖఫీల్ పద్ధతి గురించి కొంత ఆగి చెప్పాలి. గల్ఫులో పనిమనిషి వీసా యజమాని పేరు మీద నిలుస్తుంది. అతని అనుమతి లేకుండా పని మారడం కష్టం. ఇల్లు విడిచి బయటికి వస్తే పరారీ కేసు. కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసి ఇంటిపనివారికి రోజుకు పన్నెండు గంటలకు మించని పని, వారానికో సెలవు, ఏడాదికో నెల జీతంతో విశ్రాంతి ఇవ్వాలంది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోరాదంది. మంచి చట్టమే. అమలు మాత్రం నాలుగు గోడల మధ్య, ఆ గోడల సొంతదారు చేతిలో ఉంది. మేస్త్రీ దగ్గర అప్పు ఉంటే, ఖఫీల్ దగ్గర కాగితం ఉంది. ఎనభై ఏళ్ళలో తాళం మారింది, తాళంచెవి చేరిన చోటు మారలేదు.

మన వైపు తప్పు లేదని కాదు. పదో తరగతి చదవని ఆడపిల్ల ముప్పై ఏళ్ళు నిండకుండా గల్ఫులో ఇంటిపనికి వెళ్ళరాదని మన నిబంధన. ఆడవాళ్ళను కాపాడాలనే పెట్టారు. ఫలితం చూడండి. ఏజెంటు వయసు దిద్దుతాడు, లేదా విజిట్ వీసా మీద మొదట మరో దేశానికి పంపి అక్కడినుంచి దాటిస్తాడు. అలా వెళ్ళిన మనిషి పేరు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పుస్తకంలో ఉండదు. పది లక్షల రూపాయల ప్రవాసీ బీమా ఆమెకు వర్తించదు. ఆపద రోజున రాయబార కార్యాలయం జాబితాలో ఆమె లేదు. 1942 కొండదారిలో పేరు లేకుండా నడిచినవాడికీ ఈమెకూ తేడా ఎంత? నిషేధం ఆమెను ఆపలేదు, చీకట్లోకి నెట్టింది. ఈ నిబంధన తీసెయ్యాలని నా అభిప్రాయం. ఈ సభలో దీన్ని ఒప్పుకోనివారు ఉంటారు, మోసపోయిన ఆడపిల్లలను చూసినవారు ముఖ్యంగా. వారి ఆవేదన నాకు తెలుసు. అయినా మోసానికి మందు బహిరంగ ద్వారమే తప్ప దొడ్డిదారి కాదని వినయంగా మనవి చేస్తున్నాను.

ఈ మధ్య చరిత్ర మళ్ళీ బర్మా పేరే ఎత్తింది. కంప్యూటరు ఉద్యోగాలని చెప్పి తీసుకువెళ్ళిన యువకులను కంబోడియాలోనూ, ఒకప్పటి బర్మా అయిన మయన్మార్‌లోని మ్యావడీ పరిసరాల్లోనూ నిర్బంధించి సైబర్ మోసాలు చేయించారు. 2024లో విశాఖ పోలీసులు కంబోడియా ముఠా గుట్టు విప్పారు. 2025 మార్చిలో మన వైమానికదళం రెండు రోజుల్లో 549 మందిని మయన్మార్ సరిహద్దు నుంచి థాయ్‌లాండ్ మీదుగా తీసుకొచ్చింది. వారిలో తెలుగువారు ఉన్నారు. వీరు చదువుకున్నవారు, ఇంగ్లీషు వచ్చినవారు. పాస్‌పోర్టు మాత్రం ఇంకొకరి సొరుగులో ఉంది.

ప్రపంచం ఈ విషయంలో ఆలోచించకపోలేదు. 2011లో లిబియా యుద్ధంలో లక్షలమంది వలసకూలీలు చిక్కుకున్నాక, ఫిలిప్పీన్స్, అమెరికా చొరవతో సంక్షోభ దేశాల్లోని వలసదారుల కోసం 2016లో మార్గదర్శక సూత్రాలు వెలువడ్డాయి. ఆపదకు ముందు, ఆపదలో, ఆపద తరువాత అని మూడు దశలుగా అవి బాధ్యతలు చెబుతాయి. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం పరదేశానికి వెళ్ళే తన ప్రతి కార్మికుడి ఒప్పందానికీ 25 డాలర్ల చందా కట్టించి సంక్షేమనిధి నడుపుతుంది. మనకూ 2009 నుంచి రాయబార కార్యాలయాల్లో భారతీయ సమాజ సంక్షేమనిధి ఉంది. టిక్కెట్టుకూ, ఆశ్రయానికీ, భౌతికకాయం తరలింపుకూ దాన్ని వాడుతున్నారు. 2021లో కువైట్‌తో ఇంటిపనివారి ఒప్పందం కుదిరింది. రాష్ట్రానికి ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది. అమలాపురం కలెక్టరేట్‌లో వలసదారుల కోసం కేంద్రం తెరిచారు. ఇవన్నీ ఉపయోగపడేవే. కానీ దాదాపు అన్నీ రెండో దశవి. మొదటి దశా మూడో దశా ఊరి మీద పడ్డాయి, ఊరు వాటిని ఏజెంటుకూ వడ్డీవ్యాపారికీ వదిలేసింది.

మరో మాట చెప్పకుండా ముందుకు పోలేను. మనం కూడా ఒకరికి రంగూనే. ఈ జిల్లా రొయ్యల చెరువుల దగ్గర, ఇటుక బట్టీల్లో, ఇళ్ళ కట్టుబడిలో ఒడిశా, బీహారు మనుషులున్నారు, ఉత్తరాంధ్రవారున్నారు. 2020 మార్చిలో అంతా మూసేసినప్పుడు జాతీయరహదారి పొడవునా పిల్లలను చంకనెత్తుకుని నడిచింది వారే. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం రానూ పోనూ దారిఖర్చు కాంట్రాక్టరే ఇవ్వవలసి ఉండేది. చట్టం పుట్టిన నలభై ఏళ్ళకు దాని అవసరం పడింది. అప్పుడు చూస్తే అత్యధికుల పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు. మన పిల్లలకు కువైట్‌లో ఏది కావాలని అడుగుతున్నామో అది మన చెరువు గట్టు మీద ఇస్తున్నామా అన్నది మన రైతులూ ఆలోచించవలసిన విషయం.

ఇక చేయగలిగిన పనుల మాట. పంచాయతీ సచివాలయంలో ఒక పుస్తకం పెట్టడం కష్టం కాదు. వెళ్ళే మనిషి పేరు, పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, యజమాని చిరునామా, ఏజెంటు పేరు, అతను తీసుకున్న మొత్తం, ఆ మొత్తం ఎక్కడినుంచి అప్పు తెచ్చారన్నది అందులో రాయాలి. ఇది నిఘా కోసం కాదు, కాబట్టి పుస్తకం పోలీసుల చేతిలో కాక మహిళా సంఘం అజమాయిషీలో ఉండాలి. విజిట్ వీసా మీద వెళ్ళేవారి పేరు కూడా నిస్సంకోచంగా రాయగలిగినప్పుడే దానికి విలువ.

అప్పు సంగతి ఇంకా కష్టమైనది. ఏజెంటుకు కట్టిన డబ్బు చాలావరకు నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చినది. మనిషి తిరిగివచ్చినా ఆ వడ్డీ ఆగదు, అందుకే 2020లో వచ్చినవారిలో కొందరు అవకాశం రాగానే మళ్ళీ విమానం ఎక్కారు. తుఫాను వస్తే రైతు పంట రుణాన్ని బ్యాంకులు రీషెడ్యూలు చేస్తాయి, గడువు పెంచుతాయి, కొత్త రుణం ఇస్తాయి. దానికి రిజర్వు బ్యాంకు నియమాలున్నాయి. పరదేశపు యుద్ధం వల్ల ఉపాధి పోయి వచ్చినవారికి అటువంటి నియమం ఒక్కటీ లేదు. డ్వాక్రా సంఘాలకు బ్యాంకులతో ముప్పై ఏళ్ళ లావాదేవీ ఉంది. ప్రయాణపు అప్పును సంఘం ద్వారా తక్కువ వడ్డీకి ఇప్పించి, ఆపదలో తిరిగివచ్చినవారికి రెండేళ్ళ గడువు రాసిపెట్టే ఏర్పాటును ఒక్క మండలంలో ప్రయత్నించి చూడమని జిల్లా అధికారులనూ, సహకార బ్యాంకు పెద్దలనూ కోరుతున్నాను. అయినవిల్లి మండలంతో మొదలుపెడితే, ఈ సభలో ఉన్న సంఘాల అధ్యక్షురాళ్ళు వచ్చే నెల సమావేశంలోనే ఆ తీర్మానం చేయగలరు.